ఇంటి లెక్కలు: కార్డు పాయింట్లను హోటలు ఖాతాకు ఎప్పుడు మార్చవలెను?



అమెరికాలో డల్లాసు నగరమునుండి ఒక సోదరి మాకు జాబు వ్రాసిరి. ఆమె తల్లిదండ్రులు రాజమహేంద్రవరమునుండి మొదటిసారి కూతురిని చూడ వెళ్లదలచినారు. హైదరాబాదులోని అమెరికా కాన్సులేటులో వారి వీసా విచారణ ఇంకను జరుగలేదు. కూరలకును, పెట్రోలుకును, పిల్లల దుస్తులకును మూడేండ్లు చేజ్ బ్యాంకు కార్డు వాడగా 90,000 పాయింట్లు కూడినవట. ఈ నెలలోగా వానిని మారియట్ హోటలు ఖాతాకు మార్చినచో నూటికి ఏబది చొప్పున అదనముగా నిత్తురని ప్రకటన వచ్చినది. భర్తగారు అన్నియు నేడే మార్చుదమనుచున్నారు. ఆమెకు మనసొప్పకున్నది.

ఆమె మనసొప్పకుండుటయే సరియని మా అభిప్రాయము.

బ్యాంకులోనున్న పాయింటు ఏ రూపమైనను దాల్చగలదు. నగదు కాగలదు, విమానపు టిక్కెట్టు కాగలదు, హోటలు గది కాగలదు. హోటలు ఖాతాలో చేరిన పిదప అది ధారపోసిన దానము వంటిది, వెనుకకు రాదు. గది నిశ్చయించుకొని తరువాత రద్దు చేసికొన్నను పాయింట్లు హోటలు ఖాతాకే తిరిగి చేరునుగాని బ్యాంకునకు చేరవు. వీసా రానిచో ఆ తల్లిదండ్రుల ప్రయాణమే లేదు. అప్పుడు ఆ మూడేండ్ల కూడబెట్టు ఒకే హోటలువారి చేత చిక్కియుండును. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగమన్న సామెత ఇట్టి తొందరకే పుట్టినది కాబోలు!

ఇక లెక్క చూతము. ఇది మావారు బడిలో పిల్లలకు చెప్పు త్రైరాశికమే, ఇందు వింతయేమియు లేదు. గదికి పన్నులతోగూడ ఎంత నగదు అడుగుచున్నారో చూచి, దానిని వారడుగు పాయింట్ల సంఖ్యచేత భాగింపవలెను. వచ్చిన ఫలమును, అదే పాయింటును నగదుగా తీసికొన్న వచ్చుదానితో పోల్చవలెను. చేజ్ బ్యాంకువారు నగదుగా నైనచో పాయింటునకు ఒక సెంటు ఇత్తురు. అనగా ఆ సోదరికడ నున్నది 900 డాలర్లు.

రాత్రికి పన్నులతో 276 డాలర్లగు మారియట్ గదికి 40,000 పాయింట్లు అడిగిరనుకొందము. అదనముతో ఆమె 90,000 కాస్తా 1,35,000 అగును. సంఖ్య చూడ ముచ్చటగా నుండును. దానితో మూడు రాత్రులు గడచును, 15,000 మిగులును. ఆ మూడు రాత్రులకు నగదు వెల 828 డాలర్లే! 900 డాలర్ల సొమ్ము ఇచ్చి, 828 డాలర్ల గదియు, ఎందులకును చాలని ఆ మిగులును తెచ్చుకొనుటయైనది. పైగా నగదిచ్చి దిగినవారికి హోటలువారు మరల కొన్ని పాయింట్లిత్తురు, పాయింట్లతో దిగినవారికి గది వెలపై అవి రావు.

అదే వెలగల గదికి హయత్ హోటలొకటి 12,000 మాత్రమే అడిగెననుకొందము. మూడు రాత్రులకు 36,000 చాలును. పాయింటునకు రెండు సెంట్ల పైచిలుకు పలికినది, 54,000 బ్యాంకులోనే నిలిచినవి. అదనమేమియు లేని ఈ మార్పిడియే మేలు. 2025లో చేజ్ వారు ఈ రెండు హోటళ్లకును ఒకటికొకటి చొప్పుననే మార్చుచుండిరి. మార్చు దినమున ఆ నిష్పత్తిని మరల చూచుకొనుడు.

నిష్పత్తిని చూచియు భ్రమపడరాదు. అదే 2025లో అమెరికన్ ఎక్స్‌ప్రెస్ వారి పాయింటు ఒకటికి హిల్టన్ పాయింట్లు రెండు వచ్చెడివి. రూపాయిని రెండు అర్ధరూపాయలుగా మార్చుకొన్నంతమాత్రమున సంపద పెరుగునా? హిల్టన్ వారు గదికి అడుగు సంఖ్యయు అంత పెద్దదిగానే యుండును.

అయినను మారియట్ మార్పిడి ఎన్నటికిని తగదని మేమనము. పాయింట్లతో వరుసగా ఐదు రాత్రులు నిలిచినచో వారు ఒక రాత్రికి పాయింట్లు తీసికొనరు. పై గదికే ఐదు రాత్రులకు 1,60,000 చాలును, నగదు వెల 1,380 డాలర్లు. నూటికి ఏబది అదనముతో బ్యాంకు పాయింటు ఒకటి సుమారు 1.29 సెంట్లు పలుకును. ఇది నగదుకంటె నయమే. కాని దానికి దాదాపు 1,07,000 బ్యాంకు పాయింట్లు కావలెను, ఆమెకున్నవి 90,000.

ముందుగా మార్చి దాచుకొందుమందురా? హోటలువారు వెలలు తమ యిచ్ఛవచ్చినట్లు పెంచగలరు. హిల్టన్ వారు 2017లోను, మారియట్ వారు 2022లోను గదులకు ఇన్ని పాయింట్లని ముందే ప్రకటించు పట్టికను తీసివైచిరి. మారియట్ ఖాతాలో 24 నెలలు ఏ రాకపోకలు లేకున్న పాయింట్లే నశించును. చేజ్ పాయింట్లకు ఖాతా నిలిచియున్నంతకాలము ఆ భయము లేదు.

కావున క్రమము ఇట్లుండవలెను. వీసా రావలెను. దినములు నిశ్చయము కావలెను. ఆ దినములకు పాయింట్లపై గది దొరకునని హోటలువారి పుటలో కంటితో చూడవలెను. లెక్క సరిపోయినచో, కావలసినంతే మార్చి వెంటనే గది పట్టవలెను. హోటలు ఖాతాలో ఇదివరకే కొన్ని యుండి రెండు మూడు వేలు తక్కువైనప్పుడు ఆ కొరత తీర్చుటకు మార్చుటయు మంచిదే. కొన్ని మార్పిడులు నిమిషములలో ముగియును, కొన్నిటికి దినములు పట్టును. కార్డు బాకీ నెలనెల పూర్తిగా తీర్చువారికే ఈ లెక్కలన్నియు. బాకీ నిలిపినవారికి సాలుకు నూటికి ఇరువదికి పైబడిన వడ్డీ ఈ లాభమంతయు మింగివేయును.

మరియొక మాట. కూరలు కొన్నది ఆ సోదరి, పాయింట్లు చేరినది భర్తగారి పేర. చేజ్ వారు కార్డుదారుని సొంత హోటలు ఖాతాకుగాని, అదే ఇంటనుండి అదనపు కార్డు పొందినవారి ఖాతాకుగాని మాత్రమే మార్తురు. ఆమె పేర అదనపు కార్డు లేనిచో ఇప్పుడే తీసికొనుట యుక్తము.

తండ్రిగారికి మధుమేహమనియు, బయటి భోజనము పడదనియు జాబు చివర వ్రాసిరి. ఇది మా త్రైరాశికమునకు అందని విషయము. మారియట్ వారి రెసిడెన్స్ ఇన్ గదులలో పొయ్యితోగూడిన వంటిల్లుండును. హయత్ హౌస్ గదులలోను పెక్కింట నుండును. అట్టి గదికి పాయింటు ఒక సెంటే పలికినను మేము దానినే కోరుదుము. గది పట్టుటకు ముందు గిన్నెలు, గరిటెలు గదిలోనే యుండునా, అడిగి తెచ్చుకొనవలెనా యని ఫోనుచేసి తెలిసికొనుడు. చిన్న కుక్కరు మాత్రము ఇంటినుండియే తీసికొనిపొండు.