బాపు తోటలో బగ్

మాది వర్ని. నిజాంసాగర్ కాలువ నీళ్లు, ఎటు చూసినా వరి. అలాంటి చోట బాపుతో అర ఎకరంలో బొప్పాయి పెట్టించింది నేనే. "ఎన్నాళ్లు ఈ వరి ఒక్కటే బాపూ" అని హైదరాబాద్‌లో ఏసీ కింద కూర్చుని సలహా ఇచ్చాను. అందుకే ఓ ఆదివారం పొద్దున బాపు వీడియో కాల్‌లో ఆకు తిప్పి చూపించగానే నిద్ర ఎగిరిపోయింది.

"తెల్లగ పిండి లెక్క పట్టింది బిడ్డా. దుకాణంల అడిగితె రెండు మందులు కలిపి తోటంత కొట్టుమన్నడు."

మా ఆఫీసులో బగ్ వస్తే ముందు కోడ్ ముట్టుకోం. ఎంత ప్రమాదం, ఎక్కడిదాకా పాకుతుంది అని లెక్కేస్తాం. పురుగులకీ అదే లెక్క ఉంది. వేరే దేశం నుంచి మొక్కో పండో రావాలంటే క్వారంటైన్ వాళ్లు ముఖ్యంగా నాలుగు ప్రశ్నలు వేసుకుంటారు. దాంతోపాటు పురుగు వస్తుందా? ఇక్కడ బతుకుతుందా? పాకుతుందా? పాకితే నష్టమెంత?

బాపు చూపించింది బొప్పాయి పిండినల్లిలా ఉంది. దాని పుట్టిల్లు మెక్సికో, మధ్య అమెరికా. మన దేశంలో మొదట కనిపించింది 2008లో, కోయంబత్తూరులో. నాలుగు ప్రశ్నలకీ చెడ్డ జవాబులే! వచ్చింది, మన ఎండకి బాగా అలవాటుపడింది. బొప్పాయే కాదు, మల్బరీ, పత్తి, మందారం, చివరికి గట్టు మీది వయ్యారిభామ కూడా దానికి తిండే. తమిళనాడులో రైతులు బాగా దెబ్బతిన్నారు. ఒంటి మీద మైనంలాంటి పిండి, గుడ్ల చుట్టూ దూదిలాంటి సంచి ఉండటంతో మందు లోపలిదాకా దిగదు.

మరి మెక్సికోలో అది పెద్ద సమస్య ఎందుకు కాలేదు? అక్కడ దాన్ని తినేవాళ్లున్నారు కాబట్టి. పురుగు మన దగ్గరికి వచ్చింది, దాని శత్రువులు రాలేదు. అందుకే 2010లో బెంగళూరులోని కేంద్ర కీటక పరిశోధన సంస్థ, అమెరికా వ్యవసాయ శాఖ సాయంతో, పోర్టోరికో నుంచి మూడు రకాల బుల్లి కందిరీగల్ని తెప్పించింది. వాటిలో హీరో అసిరోఫాగస్ పపాయే. మిల్లీమీటరు కూడా ఉండదు. పిండినల్లి ఒంట్లో గుడ్డు పెడుతుంది. పిల్ల లోపలే తింటూ పెరిగి, రంధ్రం చేసుకుని బయటికొస్తుంది. కొన్ని నెలల్లోనే తోటలు తేరుకున్నాయి.

అంటే ప్రమాదం పురుగు ఒక్కదాంట్లోనే లేదు, దాని పక్కన ఎవరున్నారు, ఎవరు లేరు అన్నదాంట్లో కూడా ఉంది. బాపు తోటంతా మందు కొడితే ముందు పోయేది కందిరీగే. దూది సంచిలో గుడ్లు భద్రంగా ఉంటాయి. 2008 నాటి కోయంబత్తూరుని మన చేతులతో వర్నికి తెచ్చుకున్నట్టే.

అలాగని ఊరికే కూర్చోలేం. 2015లో బెంగళూరు దగ్గర బొప్పాయి మీద ఓ కొత్త తామర పురుగు నమోదైంది. 2021లో అదే పురుగు మిర్చి పూలలో దూరి ఖమ్మం, వరంగల్ రైతుల్ని ఏడిపించింది. వార్నింగ్ ఆరేళ్ల ముందే వచ్చింది, సిస్టమ్ తర్వాత కూలింది.

"రెండు రోజులు ఆగు బాపూ" అన్నాను.

"ఆగితె తోట పోతది. పోతె నువ్విస్తవా?"

నా దగ్గర జవాబు లేదు. కాసేపయ్యాక, "ఎన్ని చెట్లకి పట్టిందో లెక్కపెట్టు" అన్నాను. తోటలో ఉన్నవి సుమారు 450. గంట తర్వాత ఫోన్ చేశాడు. 19. పొద్దున "తోటంత" అన్నది కాస్తా పంతొమ్మిది చెట్లయింది!

ఆకు పట్టుకుని వ్యవసాయ విస్తరణాధికారి దగ్గరికి వెళ్లాడు. పట్టిన ఆకులు కోసి కాల్చాడు. గట్టు మీది వయ్యారిభామ పీకించాడు. చెట్టెక్కే చీమల్ని ఆపాడు. పిండినల్లి కార్చే తీపి జిగురు కోసం చీమలు దానికి బాడీగార్డుల్లా తిరుగుతాయి మరి.

మూడో రోజు సాయంత్రం ఫొటో పంపాడు. ఆకు మీద కొన్ని నల్లులు ఉబ్బి, గోధుమరంగుకి తిరిగి, గట్టిపడి ఉన్నాయి. జూమ్ చేస్తే ఒక్కోదానికి చిన్న రంధ్రం. కందిరీగ వెళ్లిన దారి అది!

"ఇవి ఎక్కడియిరా?"

"పోర్టోరికో నుంచి వచ్చినోళ్ల పిల్లలు బాపూ."

"మనం పిలువకనే వచ్చిండ్రు పాపం" అన్నాడు. మందు డబ్బా మాత్రం వాపసు ఇవ్వలేదు. మూలకి పెట్టాడు. ఆయన లెక్క ఆయనది.

మీ ఇంట్లో మందారమో బొప్పాయో ఉంటే ఈరోజు ఒక్క ఆకు తిప్పి చూడండి. తెల్లగా ఉంటే భయపడకండి, ముందు లెక్కపెట్టండి.

బాపు ఇప్పుడు ప్రతి ఆదివారం ఫోన్ చేసి, తిన్నవా అని అడగక ముందే నంబర్ చెప్తాడు. మధ్యలో ఒకసారి 23కి పోయింది. ఆ రోజు ఇద్దరం ఎక్కువ మాట్లాడుకోలేదు. నిన్నటి నంబర్ 11.