పొరుగువారి పాత్రలు

అనాథ పిల్లల పోషణ అనగానే మన సంఘాల్లో చాలామందికి ముందుగా గుర్తొచ్చేది విదేశం. ఎక్కడో కెనడాలోనో, అమెరికాలోనో ఉన్న దాత నెలనెలా డబ్బు పంపితే ఇక్కడ హాస్టల్లో బిడ్డ అన్నం తింటాడు, బడికి వెళతాడు. క్రిస్మస్‌కు కొత్త బట్టలు వస్తాయి. ఆ బిడ్డ చేత కృతజ్ఞతల ఉత్తరం రాయించి, ఫొటోతో కలిపి పంపుతారు. ఈ మేలు పొంది పైకొచ్చినవారు మన మధ్య ఎందరో ఉన్నారు. దాన్ని మరచిపోవడం పాపమే. కానీ ఇవ్వడం వాళ్ల పని, పుచ్చుకోవడం మన పని అని స్థిరపడిపోవడం అంతకంటే చిన్న తప్పేమీ కాదు.

ఇంతకూ ఆ ఇచ్చినవాళ్లు ఎవరు? 1870లో కెనడాలోని నోవాస్కోషియాలో హన్నా మరియా నోరిస్ అనే యువతి మిషనరీగా వెళ్లాలనుకుంది. పంపడానికి పెద్దల దగ్గర డబ్బు లేదు. ఆమె ఊరూరా తిరిగి ఆ కొద్ది నెలల్లోనే 30కి పైగా స్త్రీల సమాజాలు ఏర్పాటు చేసింది. వాటిలో చేరినవారు సామాన్య గృహిణులు. ఇంటి ఖర్చులో మిగిల్చిన చిల్లరే వారి కానుక. ఆ ప్రాంతపు బాప్టిస్టులే 1875లో మన ఉత్తరాంధ్రకు వచ్చారు. శ్రీకాకుళం, టెక్కలి, సోంపేటల్లో వెలిసిన మిషన్ పరిచర్యల వెనుక అలాంటి చిల్లర డబ్బులున్నాయి. 1963లో, సోంపేట ఆరోగ్యవరం ఆసుపత్రిలో కంటి ఆపరేషన్లు చేసే డాక్టర్ బెన్ గల్లిసన్ కాల్గరీ నగరానికి వెళ్లి ఇక్కడి అంధుల గురించి చెప్పినప్పుడు, ఆర్ట్ జెంకిన్స్ అనే వ్యాపారి, ఆయన మిత్రులు కలిసి విరాళాలు పోగుచేయడం మొదలుపెట్టారు. అదే ఆపరేషన్ ఐసైట్ అనే సంస్థగా ఎదిగింది. మన ఉద్దానం ప్రజల కళ్ల కోసం మొదలైన చందా అది!

కలిమి ఉన్నవారే ఇవ్వాలని బైబిలు ఎక్కడా చెప్పలేదు. యెరూషలేములోని పేదల కోసం మాసిదోనియ సంఘాలు కానుక పంపాయి. వాళ్లు నిరుపేదలు, పైగా శ్రమల్లో ఉన్నవారు. అయినా తమకూ ఈ పరిచర్యలో పాలు కావాలని పౌలును బతిమాలుకున్నారు (2 కొరింథీ 8:1-5). సముద్రం అవతలి బిడ్డ కోసం, తాము ఎన్నడూ చూడని సహోదరుల కోసం పేదలు ఇచ్చిన కానుకలతోనే సంఘం నిలబడింది.

కాలం మారింది. విదేశీ విరాళాలపై నిబంధనలు కఠినమయ్యాయి. 2017 మార్చిలో కంపాషన్ ఇంటర్నేషనల్ భారతదేశంలో తన పని ముగించుకున్నప్పుడు దాదాపు 1,45,000 మంది పిల్లలకు అందుతున్న సాయం ఆగిపోయింది. అది సబబా కాదా అన్న చర్చ వేరు. ఆ పిల్లల ఇంటి పక్కనున్న సంఘాలు ఎన్ని ముందుకు వచ్చాయన్నది మనల్ని మనం వేసుకోవలసిన ప్రశ్న.

మన దగ్గర అవసరం తక్కువేమీ కాదు. కవిటి, సోంపేట, కంచిలి, మందస, వజ్రపుకొత్తూరు, పలాస మండలాల్లో కిడ్నీ వ్యాధి ఎన్ని ఇళ్లలో తండ్రిని తీసుకుపోయిందో అక్కడివారికి తెలుసు. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను కొబ్బరి, జీడి తోటలను కూల్చింది. వైద్యానికి తోట అమ్ముకుని, మనిషినీ పోగొట్టుకుని, జీడిపప్పు ఒలిచే పనికి పోయి పిల్లల్ని సాకుతున్న తల్లులున్నారు. ఇలాంటి తల్లికి మనమిచ్చే సలహా ఏమిటి? పిల్లల్ని ఎక్కడైనా ఆశ్రమంలో చేర్చమ్మా అనే కదా!

ఎలీషా దగ్గరకు ఒక విధవరాలు వచ్చింది. భర్త చనిపోయాడు, అప్పులవాడు ఇద్దరు కొడుకుల్ని తీసుకుపోతానంటున్నాడు. ప్రవక్త ఆ పిల్లల్ని తన వెంట తీసుకెళ్లలేదు. నీ ఇంట్లో ఏముందని అడిగాడు. ఇరుగుపొరుగు దగ్గర వట్టి పాత్రలు తెచ్చుకోమన్నాడు. నూనె అమ్మి అప్పు తీర్చుకుని, మిగిలినదానితో ఆమె, కొడుకులు ఒకే ఇంట్లో బతికారు (2 రాజులు 4:1-7). అద్భుతం దేవుడిదే. కానీ పొరుగువారు పాత్రలు ఇవ్వకపోతే నూనె దేనిలో నిలిచేది?

పేదరికం ఒక్కదాని వల్లే బిడ్డ తల్లికి దూరం కాకూడదు. ఎవరూ లేని బిడ్డకు ఆశ్రమం అవసరమే. తల్లి ఉన్న బిడ్డకు అవసరమైనది ఆ తల్లికి ఆసరా. ప్రభుత్వ మిషన్ వాత్సల్య పథకం కింద విధవరాలి పిల్లలకు, బంధువుల దగ్గర పెరిగే అనాథలకు ఆదాయ పరిమితికి లోబడి నెలకు 4,000 రూపాయల సాయానికి వీలుంది. దరఖాస్తు రాయడం రాక, ఏ ఆఫీసుకు పోవాలో తెలియక వదులుకునేవారుంటారు. సంఘంలో చదువుకున్న ఒక యువకుడు ఆమె వెంట ఒకరోజు వెళితే అది పరిచర్య కాదా? స్త్రీల సమాజం నెలకొకసారి బియ్యం పోగుచేస్తే, పది కుటుంబాలు కలిసి ఒక బిడ్డ ఫీజు కడితే అది ఆరాధన కాదా? ఆదివారం ఆదివారం కొంత తీసి పక్కన పెట్టమని పౌలు చెప్పింది ఇలాంటి పనికే (1 కొరింథీ 16:2).

రెండు జాగ్రత్తలు. మొదటిది, లెక్క. కానుక విషయంలో ఎవరూ తప్పుపట్టకుండా పౌలు ఇతరులను కూడా వెంటబెట్టుకున్నాడు (2 కొరింథీ 8:19-21). అపొస్తలుడికే సాక్షులు అవసరమైతే మనకు అక్కర్లేదా? పిల్లల పేరిట వసూలైన ప్రతి రూపాయీ సంఘం ముందు చదవాలి. రెండోది, ఫొటో. బియ్యం బస్తా పక్కన బిడ్డను నిలబెట్టి తీసిన బొమ్మ ఆ బిడ్డ పెద్దయ్యాక కూడా వెంటాడుతుంది. కుడిచెయ్యి చేసింది ఎడమచేతికి తెలియనక్కర్లేదన్నాడు ప్రభువు (మత్తయి 6:3).

నౌపడ మీదుగా రైల్లో వెళ్లేవారికి ఉప్పు మడులు, తెల్లటి రాశులు కనిపిస్తాయి. చూడ్డానికి ఎంతో బాగుంటాయి. కానీ రాశిగా ఉన్నంతకాలం ఆ ఉప్పు ఎవరి కూరకూ రుచినివ్వదు. చిటికెడు చిటికెడుగా ఇంటింటి కుండలో కరిగితేనే దాని ప్రయోజనం. మనల్ని ఉప్పుతో పోల్చిన ప్రభువు మన నుంచి కోరేదీ అదే. ఒకప్పుడు సముద్రం అవతలి తల్లులు మన పిల్లల కోసం చిల్లర దాచారు. ఇప్పుడు పొరుగింటి తల్లి మన గుమ్మం ముందు నిలబడి ఉంది. వట్టి పాత్ర అయినా సరే, తీసి ఇద్దాం. నింపేవాడు దేవుడు.