పాచిక ఎవరు వేయాలి?

శంషాబాద్‌లో మా తమ్ముడి ఇంట్లో కూర్చుంటే మధ్యమధ్యలో మాట ఆపుకోవాలి. పైన విమానం పోతుంటుంది. 2008 మార్చిలో ఎయిర్‌పోర్టు తెరిచినప్పటి నుంచీ అంతే. పోయిన వేసవి సెలవుల్లో ఆ చప్పుడును కూడా మింగేసేంత గొడవ డైనింగ్ టేబుల్ దగ్గర జరిగింది. ఒకవైపు తమ్ముడి కొడుకు, ఇంకోవైపు మా చెల్లి కూతురు. గొడవ ఒక ఆట గురించి.

ఆట పేరు హీరోక్లిక్స్. అమెరికాలో 2002లో వచ్చింది. కామిక్స్‌లోని సూపర్‌హీరోల చిన్న బొమ్మలు, గళ్ళు గీసిన మాప్, పాచికలు. బొమ్మ కింద తిరిగే చక్రం ఉంటుంది. దెబ్బ తగిలిన కొద్దీ దాన్ని తిప్పుతారు, అంకెలు మారిపోతాయి. ఎన్ని గళ్ళు నడవచ్చో కూడా ఆ అంకెల్లోనే ఉంటుంది. దెబ్బతిన్న కొద్దీ నడక తగ్గిపోవచ్చునన్న మాట. ఇంకో నియమం నాకు బాగా నచ్చింది. ఒకే బొమ్మ చేత వరసగా రెండు ఎత్తుల్లో పని చేయిస్తే అలసట కింద ఒక దెబ్బ పడుతుంది. మన ఇళ్ళల్లో ఈ నియమం పెడితే మధ్యాహ్నానికి చక్రాలన్నీ అరిగిపోతాయి!

గొడవ తెచ్చిన నియమం వేరు. శత్రువు బొమ్మ పక్క గడిలోకి వచ్చి నిలబడితే మన బొమ్మ ఊరికే కదలడానికి లేదు. పాచిక వేయాలి. నాలుగు, అయిదు, ఆరు పడితే విడిపించుకున్నట్టు. ఒకటి, రెండు, మూడు పడితే ఉన్నచోటే ఉండాలి. కొన్ని ప్రత్యేక శక్తులున్న బొమ్మలకు మినహాయింపు ఉంది కానీ మా పిల్ల బొమ్మకు అప్పుడు అది లేదు. తన బొమ్మ ఇన్విజిబుల్ ఉమన్. (1961లో కామిక్స్‌లోకి వచ్చినప్పుడు ఆమె 'ఇన్విజిబుల్ గర్ల్'. పెళ్ళయి, బిడ్డ పుట్టాక కూడా గర్లే. ఉమన్ కావడానికి 1985 దాకా పట్టింది.) పాచిక మొదట రెండు పడింది. తర్వాత మూడు. తర్వాత ఒకటి.

"బావా, నీ బొమ్మ ఏం చేసిందని? ఊరికే నిలబడింది. నేనెందుకు పాచిక వేయాలి? ఆపాలనుకునేవాడు వేయాలి కదా!"

"రూల్ అంటే రూల్. బుక్‌లో ఉంది చూసుకో."

తమ్ముడు నవ్వుతూ, "ఆట కదక్కా, నువ్వు మధ్యలో దూరకు" అన్నాడు. దూరాను.

మగపిల్లల యుద్ధపు బొమ్మల గురించి ఇంత చర్చ ఎందుకని మనలోనే కొందరికి అనిపిస్తుంది. నాతో అన్నవాళ్ళూ ఉన్నారు. కథలో స్త్రీ పాత్ర ఎలా ఉందో, సినిమా పాటలో ఒళ్ళు ఎలా చూపించారో మనం ముప్ఫై ఏళ్ళుగా చీల్చి చెండాడుతున్నాం. ఈ బొమ్మల బిగుతు దుస్తుల మీద కూడా ఒక వ్యాసం రాసేయగలం. అది నిజంగా తేలిక. నియమాల పుస్తకాన్ని మాత్రం ఎవరూ చదవరు. అందులో జెండర్ మాటే లేదు కాబట్టి అది అందరిదీ అనుకుంటాం. నా పేచీ ఇక్కడే. ఆ నియమంలో ఆడ, మగ తేడా లేదు, నిజమే. కానీ పనంతా కదలాలనుకున్నవాళ్ళ మీద పెట్టింది. అడ్డం నిలబడటానికి ఖర్చు లేదు. కదిలిపోవాలంటే మాత్రం అదృష్టం రుజువు చేసుకోవాలి.

నియమం వల్ల ఆటకు లాభం లేదనను. విడిపించుకోవడం సులువైపోతే దగ్గరికొచ్చి కొట్లాడే బొమ్మలకు పనే ఉండదు. మన పులిజూదంలోనూ అడ్డుకోవడమే మేకల బలం. మూడు పులులు, పదిహేను మేకలు. పులికి మొదటి నుంచీ నడక ఉంది, మేకల మీద నుంచి దూకి తినే హక్కూ ఉంది. మేకలన్నీ బల్ల మీదికి వచ్చేదాకా ఒక్క మేకా కదలకూడదు. అయినా గుంపు కట్టి పులిని కదలనీయకుండా చేస్తాయి. 1992లో నెల్లూరు జిల్లా ఆడవాళ్ళు సారాను ఊళ్ళోకి రాకుండా అడ్డుకున్నదీ ఇలాగే. కాకపోతే వాళ్ళకు ఆ అడ్డం నిలబడటం ఉచితంగా రాలేదు. రాత్రుళ్ళు కాపలా కాశారు, ఇంట్లో మొగుళ్ళతో, బయట కాంట్రాక్టర్లతో పడ్డారు. అడ్డుకోవడం తప్పని నేననడం లేదు. దాని ఖరీదు ఎవరు కడుతున్నారన్నదే ప్రశ్న.

ఈ ప్రశ్న శంషాబాద్‌లో కూర్చుని అడక్కుండా ఉండలేం. 2019 నవంబరు 27 రాత్రి ఇక్కడి తొండుపల్లి టోల్‌గేటు దగ్గర స్కూటీ పెట్టి వెళ్ళి, తిరిగొచ్చిన ఒక పశువైద్యురాలికి ఏం జరిగిందో మనకు తెలుసు. ఆమెకు దిశ అని పేరు పెట్టారు. ఆ తర్వాత పోలీసులు ఇచ్చిన జాగ్రత్తల జాబితా ఆడవాళ్ళకే. ఎక్కడికి వెళ్తున్నారో ఇంట్లో చెప్పండి, జనం, వెలుతురు ఉన్నచోట నిలబడండి. డిసెంబరు మొదట్లో అప్పటి ముఖ్యమంత్రి, ఆర్టీసీ మహిళా ఉద్యోగులకు రాత్రి ఎనిమిది దాటాక డ్యూటీ వేయొద్దన్నారు. దయతోనే అన్నారు, కాదనను. కానీ చూడండి, దారికి అడ్డంగా నిలబడేవాడి చేతికి ఒక్క పాచికా ఇవ్వలేదు. అన్నీ మన చేతికే వచ్చాయి.

డిసెంబరు 6న నలుగురు నిందితులను చటాన్‌పల్లి దగ్గర కాల్చి చంపారు. జనం పోలీసుల మీద పూలు చల్లారు. సూపర్‌హీరో దిగొచ్చాడన్న సంబరం. చంపాలనే ఉద్దేశంతోనే కాల్చారని సిర్పుర్కర్ కమిషన్ తేల్చిందని 2022లో బయటపడింది. ఎనిమిది గంటల మాటను వెనక్కి తీసుకోమని మాత్రం పూలు చల్లినవాళ్ళెవరూ అడగలేదు.

హీరోక్లిక్స్‌లో ఒక న్యాయం ఉంది. అడ్డంకి మాప్ మీద గీసి ఉంటుంది. చెత్తా చెదారం, పొదలు ఉన్న గడిలో అడుగుపెడితే అక్కడ ఆగాలి, అక్కడి నుంచి బయల్దేరితే నడక సగమవుతుంది. ఎగరలేని బొమ్మ ఏదైనా సరే. ఔటర్ రింగు రోడ్డు మీదికి టూవీలర్లు రాకూడదన్న నియమం కూడా అలాంటిదే, ఎవరు నడిపినా ఒకటే. రాత్రి ఎనిమిది నియమం అలాంటిది కాదు. దాన్ని రోడ్డు మీద గీయలేదు, ఒంటి మీద రాశారు. అదే రోడ్డు ఒకరికి ఖాళీ, ఇంకొకరికి ముళ్ళపొద.

నియమాలు మార్చలేమా అంటే, మార్చగలం. 2023 డిసెంబరు 9 నుంచి తెలంగాణ బస్సుల్లో ఆడవాళ్ళకు ఉచిత ప్రయాణం వచ్చింది. మొగుడినో కొడుకునో చార్జీలు అడగక్కర్లేకుండా కదలడం. వెంటనే జోకులు మొదలయ్యాయి, పనీపాటా లేకుండా తిరుగుతున్నారని. పని లేకుండా తిరిగే మగవాళ్ళ మీద జోకు ఎవరైనా విన్నారా?

మా పిల్ల ఆ సాయంత్రం నోట్‌బుక్కులో కాగితం చింపి కొత్త నియమం రాసింది. అడ్డం నిలబడ్డ బొమ్మవాళ్ళే పాచిక వేయాలి. నాలుగు అంతకు పైన పడితేనే ఆపగలరు. లెక్కకు రెండూ సగం సగమే కదా, తేడా ఏముందని మా తమ్ముడన్నాడు. "మామయ్యా, తేడా లేకపోతే మార్చడానికి ఏం పోయింది?" అంది. అతను విమానం చప్పుడు అయ్యేదాకా ఆగి, టీ పెట్టనా అనడిగాడు.

కుర్రాడు కొత్త నియమంతో రెండు ఆటలు ఆడాడు. ఒకటి గెలిచాడు కూడా. మూడో ఆటకు పాత రూలే పెడదామన్నాడు. ఎందుకంటే, ప్రతిసారీ పాచిక వేయాలంటే విసుగ్గా ఉందట.