ధైర్యం చెప్పేముందు బియ్యం సంగతి అడుగుదాం



శరణార్థుల కోసం ప్రార్థించినప్పుడల్లా మన నోట ఒక మాట వస్తుంది: "ఆ తల్లిదండ్రులకు ధైర్యమివ్వు, వాళ్ళు నిలబడితే పిల్లలు నిలబడతారు." మాట మంచిదే. కానీ అది సగం నిజం. ఆ సగాన్నే ప్రసంగ వేదిక మీద నుంచి పదేపదే చెప్పింది మేమే గనుక, ముందు మమ్మల్ని మేమే తప్పుపట్టుకుంటున్నాం.

నిజమైన సగం ఇది. రెండవ ప్రపంచ యుద్ధంలో లండన్ మీద బాంబులు పడుతున్న రోజుల్లో అన్నా ఫ్రాయిడ్, డొరొతీ బర్లింగ్‌హామ్ అనే ఇద్దరు స్త్రీలు హ్యాంప్‌స్టెడ్‌లో పసిపిల్లల ఆశ్రయ గృహాలు నడిపారు. బాంబుల మోత కన్నా తల్లి ముఖంలోని భయమే బిడ్డను ఎక్కువగా కుదిపేస్తుందని, తల్లికి దూరం కావడం ఇంకా లోతైన గాయమని గమనించి 1943లో పుస్తకం రాశారు. ఇల్లు కూలినా అమ్మ ఒడి ఉంటే బిడ్డ తట్టుకుంటుంది.

మరి ఆ అమ్మ దేన్ని ఆసరా చేసుకుని తట్టుకోవాలి? మనం వదిలేసిన సగం ఇదే.

బంగ్లాదేశ్‌లోని కాక్స్ బజార్ శిబిరాలను చూడండి. 2017 ఆగస్టు తరువాత మయన్మార్ నుంచి 7 లక్షలకు పైగా రోహింగ్యాలు ప్రాణాలు దక్కించుకుని అక్కడికి చేరారు. వాళ్ళలో ఇంచుమించు సగం మంది పిల్లలే. వెదురు, టార్పాలిన్ గుడిసెల్లో కాపురం. తండ్రి బయటికి వెళ్ళి పని చేసుకోవడానికి అనుమతి లేదు. 2023లో నిధులు చాలక, ప్రపంచ ఆహార కార్యక్రమం మనిషికి నెలకిచ్చే 12 డాలర్ల సాయాన్ని మార్చిలో 10కి, జూన్‌లో 8కి తగ్గించింది. అంటే రోజుకు సుమారు 22 రూపాయలు.

తాను పస్తుండి పిల్లలకు పెట్టిన తల్లిని రాత్రికి నవ్వుతూ కథ చెప్పమందామా? చేతిలో పనిలేని తండ్రి బిడ్డను కసురుకుంటే అది ఆయన గుణం అందామా? నిద్రలో ఉలిక్కిపడే పాపకు, మాట మానేసిన బాబుకు కావలసిన మందులో పెద్ద భాగం అమ్మానాన్నల బియ్యంలో, కూలిపనిలో, పిల్లల బడిలో ఉంది.

"అంత కష్టంలోనూ పిల్లల్ని చక్కగా పెంచుకున్నవాళ్ళు లేరా?" అని అడిగేవారున్నారు. ఉన్నారు. వాళ్ళను గౌరవిద్దాం. కానీ వాళ్ళను చూపించి, అలసిపోయిన తల్లిని తక్కువ చేయకూడదు. ఓర్పును పొగడటానికి మనకేమీ ఖర్చు కాదు. అందుకే అంత తేలిగ్గా పొగుడుతున్నాం.

ఇది దూరదేశపు సంగతి మాత్రమే కాదు. హైదరాబాద్‌లో బాలాపూర్ చుట్టుపక్కల రోహింగ్యాలు వేల సంఖ్యలో బతుకుతున్నారు. 1951 శరణార్థుల ఒప్పందం మీద మన దేశం సంతకం చేయలేదు గనుక, రేపేమవుతుందోనన్న బెంగ వాళ్ళను వదలదు. ఆ నగరంలో ఉంటూ ఇది చదువుతున్న మన బిడ్డలకు ఒక మనవి. అలాంటి కుటుంబం ఎదురైతే మతం అడగకండి, నీతి చెప్పకండి. పొయ్యి వెలిగిందా, పిల్లలు బడికి వెళ్తున్నారా అని అడగండి. తల్లి ఏడిస్తే కూర్చుని వినండి. ఆమె రెండు గంటలు నిద్రపోయేలా చంటిబిడ్డను ఎత్తుకోండి.

ఒక పసిబిడ్డను ఎత్తుకుని రాత్రివేళ ఐగుప్తుకు పారిపోయిన తల్లిదండ్రుల సంగతి మనకు తెలుసు. అక్కడ వాళ్ళకు తలుపు తెరిచిందెవరో తెలియదు. ఎవరో ఒకరు తెరిచే ఉంటారు. ఈరోజు ఆ తలుపు మన చేతిలో ఉంది.