సబ్బు మిగిలితే శుభ్రం కాదు
శ్రీకాకుళం, విజయనగరం కల్యాణమండపాల్లో పరిచే తివాచీలకు మురికికన్నా పెద్ద శత్రువు వాటిలో మిగిలిపోయే సబ్బేనని నా గట్టి నమ్మకం. నురుగొచ్చేదాకా రుద్ది, పైపైన నీళ్లు కొట్టి ఎండేస్తే చాలదు. పోగుల్లో ఉండిపోయిన డిటర్జెంటు మన తీరప్రాంతపు ఉక్కపోతకు జిగురై, నడిచే ప్రతి కాలి దుమ్మునూ పట్టేస్తుంది. కడిగిన కొన్నాళ్లకే మళ్లీ నలుపు. పని తెలిసినవారు చివర్లో సిట్రిక్ ఆమ్లం వంటిది పలుచగా కలిపిన నీటితో జాడించి, ఆ నీటిని యంత్రంతో పీల్చేస్తారు. సబ్బులోని క్షారం విరుగుతుంది, బోరునీటి సున్నమూ తెల్లగా పేరుకోదు. ఏలూరు ఉన్ని తివాచీకైతే ఇది మరీ అవసరం. ఉన్ని గట్టి క్షారాన్ని ఓర్చుకోదు, రంగులూ కారిపోవచ్చు. అందుకే ముందు ఓ మూల తడిపి చూడాలి. మండప యజమానులారా, కూలి మాట్లాడేటప్పుడే జాడింపు సంగతీ తేల్చుకోండి.