‘డైవ్’ అంటే ‘దూకు’: ఇంతేనా చదువు?



మన పిల్లల ఇంగ్లీషు గైడును ఒకసారి తెరిచి చూడండి. ‘డైవ్ – దూకు, ప్లంజ్ – దూకు, డిప్ – ముంచు’ అని వరుసగా అచ్చువేసి ఉంటుంది. మరికొన్నింటిలో ఆ తెలుగు ముక్క కూడా ఉండదు. ‘డైవ్ అంటే ప్లంజ్’ అని తెలియని మాటకు మరొక తెలియని మాటను ముడివేస్తారు. పిల్లవాడు రెండింటినీ వల్లెవేసి, పరీక్షలో రాసి, మార్కులు తెచ్చుకుంటాడు. దీనికి మనం పర్యాయపదాల బోధన అని పేరు పెట్టుకున్నాము. ఇది బోధన కాదు, ఆత్మవంచన.

ఎందుకంటే ‘డైవ్’ అన్నిచోట్లా ‘దూకు’ కాదు. జలాంతర్గామి డైవ్ చేస్తే అది దూకదు, మునుగుతుంది. గద్ద డైవ్ చేస్తే కోడిపిల్ల మీద వాలుతుంది. గోల్‌కీపర్ డైవ్ చేస్తే బంతి మీదికి ఉరుకుతాడు. కండక్టరు చిల్లర కోసం సంచిలోకి డైవ్ చేస్తే చెయ్యి దూర్చాడని అర్థం. చింతామణి సంతలో టమాటా ధర డైవ్ చేసిందంటే పడిపోయిందని అర్థం. అక్కడ ‘ధర దూకింది’ అని రాస్తే పెరిగిందనుకునే ప్రమాదమూ ఉంది. రేపు ఈ పిల్లలే బెంగళూరు ఆఫీసులలో చేరి ‘డీప్ డైవ్’ అనే మాట వింటారు. అది బావి సంగతి కాదు, ఒక విషయాన్ని లోతుగా తరచి చూడడం.

ఒక్క ఇంగ్లీషు మాటకు ఇన్ని తెలుగు క్రియలు! వీటిని పిల్లవాడికి నేర్పేది గైడు కాదు, వాడి ఇల్లు. జంగమకోటెలో అవ్వ ‘సంగటి ముద్దను పులుసులో అద్దుకొని మింగరా’ అంటుంది, ముంచుకొని అనదు. అద్దడం వేరు, ముంచడం వేరు, నానబెట్టడం వేరు. శిడ్లఘట్టలో పట్టు తీసేవారు గూళ్లను వేడినీటిలో ముంచి, మెత్తబడిన తరువాతనే దారపు కొస వెదుకుతారు. పండుగనాడు ఏటిలో మూడు మునకలు వేస్తాము. పని ఎక్కువైతే తలమునకలవుతాము. నమ్మినవాడు నట్టేట ముంచుతాడు. తొందరపడేవాణ్ణి ‘ఇప్పుడేం కొంప మునిగింది?’ అని అడుగుతాము. నిండా మునిగినవాడికి చలేమిటని సామెత కూడా ఉన్నది. ‘డిప్’కూ ‘ఇమర్స్’కూ గల తేడాను చెప్పడానికి ఇంతకంటె మంచి పాఠ్యపుస్తకం ఏది?

ఆ పుస్తకం మన కళ్లముందే మూతబడుతున్నది. ఈ సీమలో దిగుడు బావులు ఎండి, బోర్లు వెయ్యి అడుగులు దాటిపోయాయి. నడుముకు సొరబుర్ర కట్టుకొని బావిలోకి దుమికి ఈత నేర్చిన తరం వృద్ధాప్యానికి వచ్చింది. బావితోపాటు మాట కూడా ఎండిపోవాలా? నీటిని తిరిగి తేవడం మన చేతిలో లేకపోవచ్చు. మాటను నిలుపుకోవడం మన చేతిలోనే ఉన్నది.

‘ఇంగ్లీషే అన్నం పెడుతుంది’ అని కొందరు తల్లిదండ్రులంటారు. నేను కాదనను. ఇంగ్లీషు బాగా రావాలనే ఈ మాట చెబుతున్నాను. ‘డైవ్’, ‘డిప్’, ‘డీప్’ ఒకే వేరు నుండి పుట్టినవి. లోతు అనే భావం మూడింటిలోనూ ఉన్నది. ‘ప్లంజ్’ వేరు కుటుంబానికి చెందినది. దాని మూలం సీసాన్ని తెలిపే లాటిన్ మాట. సీసపు గుండు నీటిలో పడినట్లు బరువుగా, ఒక్కసారిగా పడడం అందులో ఉన్నది. ‘బుడుంగున మునిగింది’ అనే తెలుగు తెలిసిన పిల్లవాడికి ఇది క్షణంలో బోధపడుతుంది. ఆ తెలుగు లేనివాడికి రెండూ శబ్దాలే.

‘కన్నడనాట ఉన్నాము, తెలుగెందుకు?’ అనేవారూ ఉన్నారు. కన్నడం తప్పక నేర్వవలసిందే. అది మనకు అన్నం పెట్టే నేల భాష. అయితే ఆ భాషకు దారి కూడా తెలుగులోంచే ఉన్నది. మన ‘మునుగు’ వారి ‘ముళుగు’, మన ‘దుముకు’ వారి ‘ధుముకు’, మన ‘అద్దు’ వారికీ ‘అద్దు’. కైవార తాతయ్య రెండు భాషలలోనూ కీర్తనలు చెప్పిన సీమ ఇది. ఇక్కడ ఒక భాషను నిలపడానికి మరొకదాన్ని ముంచనక్కరలేదు.

ప్రాథమిక దశలో భాషా అల్పసంఖ్యాకుల పిల్లలకు మాతృభాషలో బోధన సౌకర్యం కల్పించాలని రాజ్యాంగంలోని 350-ఎ అధికరణం 1956 నుండీ చెబుతున్నది. 2014లో సుప్రీంకోర్టు కర్ణాటక కేసులోనే, ప్రాథమిక పాఠశాలలలో మాతృభాషా మాధ్యమాన్ని ప్రభుత్వం బలవంతంగా రుద్దరాదనీ, ఎంపిక తల్లిదండ్రులదేననీ తీర్పు ఇచ్చింది. ఎంపిక మీదైనప్పుడు బాధ్యత కూడా మీదే. మీరు ఇంగ్లీషు మాధ్యమాన్నే ఎంచుకోండి. కాని ఇంట్లో పిల్లవాడి నోట తెలుగు రాకుండా అడ్డుకోకండి. తెలుగు మాట్లాడితే జరిమానా వేసే బడిని మెచ్చుకోకండి.

ఉపాధ్యాయులకు నా మనవి ఒక్కటే. కొత్త ఇంగ్లీషు మాట వచ్చినప్పుడు గైడు తెరవకముందు పిల్లలను అడగండి: ‘గద్ద ఏం చేసింది? ధర ఏమైంది? ముద్దను ఏం చేశావు?’ వారు చెప్పిన ఇంటిమాటలను నల్లబల్ల మీద రాయండి. వాటి పక్కన కన్నడం, ఆ తరువాత ఇంగ్లీషు రాయండి. దీనికి ప్రభుత్వ ఉత్తర్వు అక్కరలేదు, నిధులు అక్కరలేదు. పది నిమిషాల ఓపిక చాలు. ఆ ఓపిక కూడా మనకు లేకపోతే, పిల్లలకు భాష రావడం లేదని వాపోయే హక్కు మనకు లేదు.