బైకు వెనకసీట్ల బాపు

రోడ్ ట్రిప్ అంటే మన హాస్టల్‌లో గోవా, లేకుంటే లడఖ్. అదీ దోస్తులతోనే. నేను సంక్రాంతి సెలవుల్లో బాపుతో పోయిన. మందమర్రి నుంచి ఇల్లందు దాకా, బైకు మీద. పోయొచ్చినంక చెప్తున్న, మొదటి లాంగ్ ట్రిప్ ఇంట్లోవాళ్లతోనే చేయాలి. కారు వద్దు, పాటలు పెట్టుకొని కూర్చుంటం.

మా ఇంట్లో ఎదురెదురుగా కూర్చొని మాట్లాడుకున్నది తక్కువ. ఫస్ట్ షిఫ్ట్ అయితే నేను లేవకముందే బాపు పోతడు, నైట్ షిఫ్ట్ అయితే పగలంతా నిద్ర. నేను హాస్టల్ నుంచి ఫోన్ చేసినా "తిన్నవా" దగ్గరే ఆగిపోతం. బైకు మీద మొహాలు కనపడవు, అందుకేనేమో మాటలొస్తయి. (హెల్మెట్ల వల్ల సగం వినపడక ప్రతిదానికీ "ఆఁ?" అనుడు వేరే సంగతి.)

శ్రీరాంపూర్, గోదావరిఖని, మంథని, భూపాలపల్లి, మణుగూరు మ్యాపుల ఊర్లు. బాపుకు అవి బాయిలు. ఎక్కడ ఎవరితోని తట్ట మోసిండో, ఎస్‌డీఎల్ మిషన్లొచ్చి ఫిల్లర్ల పని ఎట్ల పోయిందో చెప్పుకుంటనే వచ్చిండు. నడుం నొప్పికి గంటకోసారి ఆగినం. రామప్పల 1213 నాటి గుడి పైకప్పు చూసి ఆయన అన్నది ఒక్కటే మాట: "సపోర్టులు మంచిగ పెట్టిండ్రు." బాపు సపోర్ట్‌మన్ మరి.

కొత్తగూడెంల మెయిన్ హాస్పిటల్ ముంగట ఆపుమన్నడు.

"మెడికల్ బోర్డు గీడనే కూసుంటది. నన్ను అన్‌ఫిట్ చేస్తే నౌకరి నీకొస్తది. అప్లికేషన్ పెట్టాల్నా?"

మా కాలనీల ప్రతి ఇంట్లో ఉన్న ప్రశ్నే ఇది. ఇన్నాళ్లు అమ్మతోని అడిగిస్తుండె. నేను థర్డ్ ఇయర్, ప్లేస్‌మెంట్ల సంగతి మీకు తెల్వంది కాదు.

"నీకేమనిపిస్తుంది బాపు?"

"నేను దిగిన కాడికి నువ్వు దిగుడు నాకిష్టం లేదు బిడ్డా. బయట నౌకర్లు లేవంటున్రు గదా, గందుకే అడుగుతున్న."

ఇంట్లో అయితే ఈ రెండో మాట నాదాకా వచ్చేదే కాదు. పెద్దోళ్లను అంత దూరం తిప్పుడెందుకని నా రూమ్మేట్ అన్నడు. గంటకోసారి ఆగితే సరిపోతది.

1889ల తవ్వకం మొదలైన ఇల్లందు చూసి, చాయ్ తాగి మర్లినం. జవాబు తిరుగు దారిల చెప్తనన్న. మంథని దాటింది, గోదావరి దాటింది. నేను చెప్పలే, బాపు మళ్ల అడగలే. ఎండకాలం సెలవులకు ఉట్నూరు దిక్కు పోదామంటుండు.